విశాఖ గోదాముల్లో బార్‌కోడ్: ఎవరికి ఏ పద్ధతి సరిపోతుంది?

విశాఖలో కిరాణా సరుకు, ప్యాకెట్ ఫుడ్, నూనెలు, ఫ్రోజెన్ ఐటమ్స్ పంపిణీ చేసే వ్యాపారులు బార్‌కోడ్ ఊసెత్తగానే అడిగేది "ఏ మెషిన్ కొనమంటారు?" అని. మెషిన్ సంగతి తర్వాత చూద్దాం. ముందు మీ గోదాములో ఒక బిస్కెట్ ప్యాకెట్ తీసి, వెనక గీతల కింద ఉన్న అంకెలు చూడండి. పదమూడు ఉంటాయి. బార్‌కోడ్ నంబర్లు కేటాయించే సంస్థ జీఎస్1 ఇండియా ఇచ్చిన నంబరైతే 890తో మొదలవుతుంది. ఇది ఫలానా కంపెనీవారి ఫలానా సైజు సరుకు అని తప్ప ఆ పదమూడు అంకెలు ఇంకేమీ చెప్పవు. అందులో బ్యాచ్ నంబరు లేదు, ఎక్స్‌పైరీ తేదీ లేదు, ఎంఆర్‌పీ కూడా లేదు.

ఆహార పంపిణీలో చెయ్యి కాలేది సరిగ్గా ఆ మూడింటి దగ్గరే. "స్కానర్లు పెట్టాక ఐటమ్ మారిపోవడం తగ్గింది గానీ ఎక్స్‌పైరీ రిటర్న్‌లు ఎప్పటిలాగే వస్తున్నాయండీ" అనే మాట అందుకే వినిపిస్తుంటుంది. కోడ్‌లో లేని తేదీని స్కానర్ ఎక్కడి నుంచి చదువుతుంది? ఈ సంగతి మనసులో పెట్టుకుని చూస్తే, మార్కెట్లో ఉన్న పద్ధతుల్లో ఏది మీకు అవసరమో, ఏది దండగో తేల్చుకోవడం కష్టం కాదు.

ముందు క్రెడిట్ నోట్లు తీయండి

గత మూడు నెలల్లో తిరిగొచ్చిన సరుకుకి షాపులకు రాసిచ్చిన క్రెడిట్ నోట్లన్నీ బయటికి తీయించండి. కారణం రాసి ఉండకపోవచ్చు. బిల్లింగ్ కుర్రాడిని పక్కన కూర్చోబెట్టుకుంటే సగానికి పైగా గుర్తు చేసుకుని చెబుతాడు. వాటిని మూడు కుప్పలుగా విడగొట్టండి. ఐటమ్ మారినవి, లెక్క తేడా వచ్చినవి ఒక కుప్ప: కారం 100 గ్రాములకు బదులు 200 గ్రాములు వెళ్లడం లాంటివి. ఐటమ్ సరైనదే అయినా తేదీ దగ్గరపడ్డ సరుకో, పాత ఎంఆర్‌పీ సరుకో వెళ్లి తిరిగొచ్చినవి రెండో కుప్ప. సరుకూ లెక్కా సరిగ్గానే ఉండి, ఒక షాపు పెట్టె ఇంకో షాపులో దిగిపోయినవి, లేదా వ్యాన్ ఎక్కకుండా గోదాములోనే ఉండిపోయినవి మూడో కుప్ప.

మొదటి కుప్ప పెద్దదైతే చవక పద్ధతి చాలు. రెండోది పెద్దదైతే, సరుకు దించుకునేటప్పుడే మీ సొంత లేబుల్ అంటించక తప్పదు. ఖర్చు, శ్రమ రెండూ అక్కడే పెరుగుతాయి. మూడోది పెద్దదైతే లోడింగ్ దగ్గర స్కాన్ పెట్టాలి. లోపల పికింగ్ (ర్యాక్‌ల నుంచి సరుకు తీయడం) ఎంత ఆధునికం చేసినా దానికి మందు కాదు.

ఈ మూడో రకం తప్పు ఎంత ఖరీదన్నది బీట్‌ని, అంటే బండి తిరిగే లైనుని బట్టి ఉంటుంది. గాజువాక, కూర్మన్నపాలెం లైనులో పెట్టె మారితే మర్నాడు బండి మళ్లీ అటే వెళ్తుంది, సర్దేయొచ్చు. అరకు విశాఖ నుంచి దాదాపు 115 కిలోమీటర్లు, పైగా ఘాట్ రోడ్డు. అరకు, పాడేరు వైపు వారానికి ఒక్కసారే బండి పంపేవారైతే ఆ పెట్టె వారం దాకా వెనక్కి రాదు. వచ్చేసరికి దాని గడువులో వారం తరిగిపోయి ఉంటుంది. అన్ని బీట్లకూ ఒకేసారి స్కానింగ్ పెట్టలేకపోతే, ఎక్కువ అమ్మకాలున్న బీట్‌తో మొదలుపెట్టాలని చాలామంది అనుకుంటారు. నేనైతే దూరపు బీట్‌తో మొదలుపెట్టమంటాను.

మన పికింగ్ ఎలా జరుగుతుందో సాఫ్ట్‌వేర్‌వారికి తెలుసా?

పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల పాత గోదాముల్లోనూ, ఆటోనగర్ వైపు పెద్ద షెడ్లలోనూ సరుకు తీసే పద్ధతి ఎక్కువగా ఒకటే. సేల్స్‌మన్ తెచ్చిన ఆర్డర్లు సాయంత్రానికి బిల్లులవుతాయి. ఒక వ్యాన్‌కి వెళ్లే బిల్లులన్నీ కలిపి లోడ్ షీట్ తీస్తారు. ఫలానా బిస్కెట్ మొత్తం 14 పెట్టెలు, ఫలానా సేమ్యా 9 పెట్టెలు 6 ప్యాకెట్లు అని అందులో ఉంటుంది. అదంతా ఒకేసారి తీసి వ్యాన్ దగ్గర పెడతారు. ఏ షాపుకి ఎంత అన్నది డెలివరీ కుర్రాడు షాపు ముందు వ్యాన్ తలుపు తీసి లెక్కపెట్టి ఇస్తాడు.

బయట తయారైన గోదాము సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి ఈ అలవాటు తెలియదు. ఒక్కో బిల్లుకి విడిగా సరుకు తీసి, పెట్టెలో సర్ది, సీలు వేసి పంపుతారన్న లెక్కతో వాటిని రాశారు. మనం ఆ పద్ధతికి మారితే ఒకే ర్యాక్ దగ్గరికి ఒకే మనిషి పూటలో ఇరవై సార్లు నడవాలి. కాబట్టి డెమో చూపించేవారిని అడగాల్సిన మొదటి ప్రశ్న: "లోడ్ షీట్ మొత్తంగా పిక్ చేసి, తర్వాత బిల్లుల వారీగా విడగొట్టడం దీనిలో కుదురుతుందా?" కుదరదంటే మిగతా ఫీచర్లు ఎంత బాగున్నా టీ తాగించి పంపించేయడం మేలు.

ఇక్కడ ఒక లెక్క వేసి చూడండి. రోజుకి 60 బిల్లులు, బిల్లుకి 25 లైన్లు (ఐటమ్ వరుసలు) అనుకుంటే 1,500 లైన్లు. ఒక్కో స్కాన్‌కి 3 సెకన్లు వేసుకున్నా 75 నిమిషాలు. అదే 60 బిల్లుల లోడ్ షీట్లన్నీ కలిపి 300 లైన్లు ఉంటే 15 నిమిషాలు. ఆ గంట తేడాకి దక్కేది ఏమిటి? లోడ్ షీట్ దగ్గర స్కాన్ చేస్తే ఐటమ్ తప్పు దొరుకుతుంది. షాపుల మధ్య సరుకు మారిపోవడం దొరకదు. మీ మూడో కుప్ప చిన్నదైతే ఆ గంట ఎందుకు ఖర్చుపెట్టాలి? పెద్దదైతే మాత్రం గంట కాదు, రెండు గంటలైనా పెట్టొచ్చు.

ఫోన్ కెమెరా

దీన్ని గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. ఖర్చు దాదాపు సున్నా. స్టాక్ లెక్కకి, షాపు దగ్గర డెలివరీ కుర్రాడు పెట్టె చూసి అప్పగించడానికి బాగానే పనికొస్తుంది. పికింగ్‌కి పనికిరాదు. గోదాములో వెలుతురు తక్కువ, కెమెరా ఫోకస్ కోసం వెతుక్కుంటుంది, ఒక చెయ్యి ఎప్పుడూ ఫోన్‌కే అంకితం. మధ్యలో ఫోన్ మోగితే స్క్రీన్ మారిపోతుంది. రోజుకి పది పదిహేను బిల్లులు చేసే చిన్న ఏజెన్సీలకు మాత్రం దీనికి మించి అవసరం కూడా లేదు.

చెకింగ్ టేబుల్ మీద వైరు స్కానర్

నగరంలో మధ్యతరహా డిస్ట్రిబ్యూటర్లలో ఎక్కువమందికి నేను చెప్పేది ఇదే. సరుకు తీయడం పాత పద్ధతిలోనే, కాగితం చూసుకుని తీస్తారు. వ్యాన్ ఎక్కే ముందు ఒక టేబుల్, దాని మీద కంప్యూటర్, స్కానర్. తీసిన సరుకంతా అక్కడ స్కాన్ అయ్యాకే ముందుకు కదులుతుంది.

ఈ స్కానర్ చేసే పని చాలా సాదాసీదా. కంప్యూటర్ దృష్టిలో అది ఇంకో కీబోర్డ్. గీతలు చదివి, ఆ పదమూడు అంకెలూ ఎవరో టైప్ చేసినట్టుగా పంపి, చివర ఎంటర్ కొడుతుంది. కాబట్టి మీరు వాడే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఏదైనా, కనీసం ఎక్సెల్ షీటైనా సరే, దానితో పని మొదలుపెట్టొచ్చు. మూడు కంపెనీల ఏజెన్సీలున్నవారికి ఇది పెద్ద సుఖం. ఒక్కో కంపెనీ తన సొంత సాఫ్ట్‌వేర్‌లోనే బిల్లు కొట్టమంటుంది. వాటన్నిటి నుంచీ లోడ్ షీట్ ఎక్సెల్‌లోకి తీసుకుని, ఒకే చోట చెకింగ్ పెట్టుకోవచ్చు.

గీతలు మాత్రమే చదివే స్కానర్ రెండు మూడు వేలలో దొరుకుతుంది. చదరపు కోడ్లు కూడా చదివేదానికి ఇంకో రెండు మూడు వేలు ఎక్కువ పడుతుంది. రెండోదే తీసుకోండి. మెరిసే ప్లాస్టిక్ కవర్ల మీద, ముడతలు పడ్డ నూనె పౌచ్‌ల మీద, సీసాల వంపు మీద లేజర్ కంటే కెమెరాతో చదివే ఆ రకమే నయం. ఈ-ఇన్వాయిస్ మీద ఉండే క్యూఆర్ కోడ్‌నీ అది చదువుతుంది. 2023 ఆగస్టు 1 నుంచి టర్నోవర్ 5 కోట్లు దాటిన వ్యాపారులంతా సాటి వ్యాపారులకు ఈ-ఇన్వాయిస్ ఇవ్వాలి కాబట్టి, మీకు సరుకు పంపే పెద్ద కంపెనీల బిల్లుల మీద అది ఉండనే ఉంటుంది. దాన్ని స్కాన్ చేస్తే ఇద్దరి జీఎస్టీ నంబర్లు, బిల్లు నంబరు, తేదీ, మొత్తం వస్తాయి. సరుకుల జాబితా మాత్రం రాదు. అందులో ఎన్ని లైన్లున్నాయో వస్తుంది, ఏమేం ఉన్నాయో రాదు. "క్యూఆర్ కొడితే స్టాక్ మొత్తం ఎక్కిపోతుంది సార్" అని ఎవరైనా చెబితే, మీ ముందే చేసి చూపించమనండి.

టేబుల్ పద్ధతిలో ఒక దొంగదారి ఉంది, ముందే తెలుసుకోవాలి. పన్నెండు ప్యాకెట్లు స్కాన్ చేయాల్సిన చోట ఒకే ప్యాకెట్‌ని పన్నెండు సార్లు కొట్టేస్తారు. ఇంకొంచెం ముదిరితే, తరచూ పోయే ఐటమ్స్ కోడ్లన్నీ కత్తిరించి ఒక అట్ట మీద అతికించుకుంటారు. సరుకు ముట్టుకోకుండానే అట్ట మీద స్కానర్ తిప్పేసి, అంతా పచ్చ రంగు చూపించేస్తారు. ఇది బద్ధకం వల్ల కాదు, టైమ్ చాలక చేసేది. తొమ్మిదింటికి బండి కదలాలని మీరే తొందరపెడతారు మరి. దీనికి విరుగుడు రెండు. ఎంత రావాలో స్క్రీన్ మీద ముందుగా చూపించకూడదు. లెక్కపెట్టి అంకె కొట్టమనాలి, తేడా ఉంటే అప్పుడు చెప్పాలి. రెండోది, నిండు పెట్టెలకు పెట్టె మీది కోడ్‌నే స్కాన్ చేయించాలి. పెట్టె మీద ఉండే పద్నాలుగు అంకెల కోడ్ లోపలి ప్యాకెట్ కోడ్‌తో సమానం కాదు. ప్యాకెట్ కోడ్ 8901234567890 అయితే, పెట్టె కోడ్ 18901234567897 లాగా ఉంటుంది. ముందు ఒక అంకె చేరుతుంది, దాంతో చివరి చెక్ అంకె కూడా మారుతుంది. ఈ రెండో కోడ్‌ని మాస్టర్‌లో (సాఫ్ట్‌వేర్‌లో ఐటమ్స్ వివరాలుండే జాబితాలో) "1 పెట్టె = 48 ప్యాకెట్లు" అని ఎక్కించుకుంటే 48 స్కాన్లు ఒక్క స్కాన్ అవుతాయి. మాస్టర్ ఎక్కించే ఈ పని విసుగు పుట్టిస్తుంది, కానీ సిస్టమ్ నిలబడేదీ కూలబడేదీ ఇక్కడే. రెండు వేల ఐటమ్స్ ఉన్న గోదాముకి దీనికోసం ఒక మనిషిని విడిగా పెట్టాల్సిందే.

ఈ పద్ధతి తీర్చేది మొదటి కుప్పని. టేబుల్‌ని లోడింగ్ తలుపు దగ్గరే పెట్టి బిల్లుల వారీగా స్కాన్ చేస్తే మూడోదాన్నీ చాలావరకు తీరుస్తుంది. రెండో కుప్పకి దీనితో పెద్దగా ఒరిగేదేమీ లేదు.

చేతి టెర్మినల్, ర్యాక్ అడ్రసులు

రెండో కుప్ప పెద్దగా ఉన్నవారు, సూపర్ మార్కెట్లకీ క్విక్ కామర్స్ వాళ్లకీ సరుకు వేసేవారు ఇక్కడికి రావాలి. 2024 నవంబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఈ-కామర్స్ సంస్థలకు, సరుకు కస్టమర్‌కి చేరేనాటికి కనీసం 30 శాతం షెల్ఫ్ లైఫ్ గానీ 45 రోజుల గడువు గానీ మిగిలి ఉండాలని చెప్పింది. ఆ సంస్థలు తమ దగ్గరికి వచ్చేటప్పటికి అంతకంటే ఎక్కువే మిగిలి ఉండాలని సప్లయర్‌ని అడుగుతాయి, గేటు దగ్గరే తేదీ చూసి పెట్టె తిప్పి పంపేస్తాయి. అలాంటప్పుడు గోదాములో ఏ అరలో ఏ తేదీ సరుకుందో తెలియకుండా బండి పంపడం జూదమే.

చేతి టెర్మినల్ అంటే స్కానర్ ఇంజిన్ ఉన్న గట్టి ఆండ్రాయిడ్ ఫోన్ అనుకోవచ్చు. పేరున్న కంపెనీలవి ఒక్కోటి 35 వేల నుంచి 80 వేల దాకా పలుకుతాయి, చవక రకాలు 15 వేల నుంచీ ఉన్నాయి. స్క్రీన్ మీద "మూడో వరుస, రెండో ర్యాక్, కింది అర" అని వస్తుంది. వెళ్లి ముందు అర మీద అంటించిన కోడ్ కొట్టాలి, తర్వాత సరుకు కోడ్ కొట్టాలి. అర తప్పైతే అక్కడే ఆపేస్తుంది.

అసలు కష్టం సరుకు దించుకునే దగ్గర ఉంటుంది. ప్యాకెట్ కోడ్‌లో తేదీ లేదని మొదటే అనుకున్నాం కదా. కొన్ని కంపెనీలు పెట్టె మీద జీఎస్1-128 అనే పొడుగు కోడ్ వేస్తాయి. అందులో 01 తర్వాత ఐటమ్ నంబరు, 17 తర్వాత ఎక్స్‌పైరీ, 10 తర్వాత బ్యాచ్ వస్తాయి. 17 తర్వాత 260831 అని ఉంటే 2026 ఆగస్టు 31 అన్నమాట. ఇలాంటి పెట్టెలు వచ్చే కంపెనీ సరుకుకి మీరు చేయాల్సిందేమీ లేదు, స్కాన్ చేస్తే మూడూ ఒక్కసారే ఎక్కిపోతాయి. చాలా కంపెనీల పెట్టెల మీద మాత్రం ఉండేది పద్నాలుగు అంకెల కోడే. వాటికి దించుకునేటప్పుడు ఎవరో ఒకరు పెట్టె మీద తేదీ చదివి, కొట్టి, మీ సొంత లేబుల్ తీసి అంటించాలి. ఒక లారీ దించడానికి ఇప్పుడు పట్టే టైమ్ దీంతో ఖచ్చితంగా పెరుగుతుంది. ఆ పెరిగే టైమ్‌కి సిద్ధపడకుండా టెర్మినళ్లు కొనొద్దు.

పెట్టె పెట్టెకీ లేబుల్ వద్దనుకుంటే మధ్యేమార్గం ఒకటుంది. ఒక అరలో ఒకే బ్యాచ్ పెట్టాలి, లేబుల్ అరకే వేయాలి. జాగా కొంచెం వృథా అవుతుంది, లేబుళ్ల ఖర్చూ అంటించే కూలీ మిగులుతాయి. జాగా ఉన్న పెందుర్తి, ఆనందపురం వైపు షెడ్లకు ఇది బాగా నప్పుతుంది. వన్‌టౌన్‌లో కప్పు దాకా పేర్చిన గోదాములకు నప్పదు.

"ముందొచ్చింది ముందు" అనే లెక్క ఆహారానికి చాలదు. కంపెనీ డిపో నుంచి కొత్త బ్యాచ్ ముందొచ్చి, వారం తర్వాత పాత బ్యాచ్ రావడం మామూలే. ముందు గడువు తీరేది ముందు వెళ్లేలా సాఫ్ట్‌వేర్ సెట్ చేయించండి. బ్యాచ్ పట్టుకోవడం వల్ల ఇంకో లాభం: ఆహార రీకాల్ నియమాలు 2017లో వచ్చాయి. కంపెనీ ఏదైనా బ్యాచ్‌ని వెనక్కి పిలిస్తే, అది ఏయే షాపులకు వెళ్లిందో హోల్‌సేలర్ చెప్పగలగాలి. బిల్లులో బ్యాచ్ లేకపోతే ఆ ఐటమ్ కొన్న షాపులన్నిటికీ ఫోన్ చేయాల్సిందే. ట్యాలీలో బ్యాచ్, ఎక్స్‌పైరీ పెట్టుకునే సౌకర్యం ఉంది. ఎంతమంది ఆన్ చేసుకున్నారన్నది వేరే సంగతి.

లైట్లు, వాయిస్, ఆర్‌ఎఫ్‌ఐడీ

ర్యాక్ మీద లైటు వెలిగి "ఇక్కడ తీయి" అని చూపించే పద్ధతి, చెవిలో చెప్పే పద్ధతి, రేడియో తరంగాలతో ట్యాగ్‌ని దూరం నుంచే చదివే ఆర్‌ఎఫ్‌ఐడీ గేట్లు: ఎగ్జిబిషన్లలో చూడముచ్చటగా ఉంటాయి. గంటకి వందల లైన్లు ఒకే చోట తీసే పెద్ద సెంటర్లకి లైట్లు పనికొస్తాయి. ఆర్‌ఎఫ్‌ఐడీకి ఆహారంతో తంటా ఉంది. నీటి శాతం ఎక్కువున్న సరుకు ఆ తరంగాలను పీల్చేస్తుంది, రేకు డబ్బా వెనక్కి కొడుతుంది. పైగా ఐదు రూపాయల ప్యాకెట్లున్న పెట్టెకి ట్యాగ్ ఖర్చు ఎక్కడ గిట్టుతుంది?

ఒకే కోడ్, రెండు ఎంఆర్‌పీలు

మన దేశంలో తరచూ వచ్చే తలనొప్పి ఇది, విదేశీ సాఫ్ట్‌వేర్లు దీని దగ్గరే తడబడతాయి. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు మారినప్పుడు చాలా ప్యాకెట్ ఆహారాల మీద పన్ను 5 శాతానికి దిగింది. పాత ధర ప్యాకెట్, కొత్త ధర ప్యాకెట్ ఒకే అరలో పక్కపక్కనే కూర్చున్నాయి, రెండిటి మీదా అదే కోడ్. స్కానర్‌కి తేడా తెలియదు. కాబట్టి ఒక ఐటమ్‌కి ఎన్ని ఎంఆర్‌పీలైనా విడివిడి స్టాక్‌గా పట్టుకునే సాఫ్ట్‌వేరే తీసుకోవాలి. స్కాన్ చేయగానే "ఏ ఎంఆర్‌పీ?" అని అడగాలి. కాకపోతే ప్రతిసారీ అడిగితే కుర్రాళ్లు చూడకుండా ఎంటర్ కొట్టేస్తారు. ఒకటే ఎంఆర్‌పీ స్టాక్‌లో ఉన్నప్పుడు అడగకుండా, రెండు ఉన్నప్పుడు మాత్రమే అడిగేలా పెట్టించుకోండి.

కోడే లేని సరుకు

బియ్యం బస్తా, అనకాపల్లి బెల్లం దిమ్మెలు, విడి పప్పులు. 25 కిలోల వరకు ఉన్న లేబుల్ ప్యాకింగ్‌కి 2022 జులై 18 నుంచి జీఎస్టీ పడ్డాక, 26 కిలోల బస్తాలు మన మార్కెట్లో మామూలైపోయాయి. 25, 26 పక్కపక్కనే ఉంటే కంటికి తేడా తెలియదు, బార్‌కోడ్ ఉండదు. వీటికి మీరే లేబుల్ వేసుకోవాలి. 890తో మొదలయ్యే నంబర్లు మాత్రం సొంతంగా సృష్టించొద్దు, రేపు అది ఇంకెవరి సరుకుదో అయి కూర్చుంటుంది. 20 నుంచి 29 దాకా మొదలయ్యే నంబర్లు లోపలి వాడకానికే వదిలిపెట్టారు, వాటితో చేసుకోండి. కానీ ఆ లేబుల్ మీ గోదాము దాటితే అర్థం లేనిదని గుర్తుంచుకోండి. బెల్లానికి దిమ్మె దిమ్మెకీ కోడ్ అంటించడం అనవసరం. తూకం కాటా దగ్గరే, లాట్‌కి ఒక లేబుల్ చాలు.

ఉప్పుగాలి, చెమట, కరెంటు

లేబుల్ ప్రింటర్లు రెండు రకాలు. రిబ్బన్ లేకుండా వేడితోనే అచ్చు వేసేది చవక. దాని లేబుల్ ఎండ తగిలే రేకుల షెడ్డులో కొన్నాళ్లకే మసకబారుతుంది, లేదా మొత్తం నల్లబడుతుంది. వారంలో వెళ్లిపోయే పెట్టెకైతే పర్వాలేదు. ఆరు నెలలుండే అర లేబుల్‌కి, సరుకు దించుకునేటప్పుడు వేసే లేబుల్‌కి రిబ్బన్ రకమే కావాలి. సముద్రం పక్కన తేమకి మామూలు జిగురు కూడా అంచుల దగ్గర లేచిపోతుంది. అర లేబుళ్ల మీద పారదర్శక టేపు కాకుండా, సింథటిక్ లేబుళ్లే వాడండి. టేపు మెరుపు స్కానర్‌ని ఇబ్బంది పెడుతుంది.

రొయ్యలు, చేపలు, ఫ్రోజెన్ బఠానీ లాంటివి చేసేవారికి నియమాలు వేరు. మైనస్ 18 డిగ్రీల గదిలో మామూలు టెర్మినల్ బ్యాటరీ త్వరగా దిగిపోతుంది. అక్కడి నుంచి బయటికి తెచ్చిన క్షణంలో మన గాలి తేమకి స్కానర్ అద్దం మీద చెమట పట్టి ఏమీ చదవదు. కోల్డ్ స్టోరేజ్ కోసమే తయారైన రకాలు ఖరీదెక్కువ. తక్కువ సరుకైతే స్కానింగ్ గది లోపల పెట్టకుండా, పెట్టె బయటికి వచ్చాక తలుపు దగ్గర పెట్టుకోవడమే తెలివి. లేబుల్ గడ్డకట్టాక అంటదు, ముందే అంటించాలి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నగరంలో కరెంటు, సెల్ సిగ్నళ్లు రోజుల తరబడి లేవు. పాలు, బ్రెడ్డు, బిస్కెట్ల కోసం జనం షాపుల ముందు నిలబడ్డ రోజులవి. అలాంటి రోజునే గోదాము నడవాలి. ఇంటర్నెట్ లేకపోతే తెరుచుకోని సాఫ్ట్‌వేర్‌ని ఈ ఊళ్లో ఆహార వ్యాపారానికి నేను సిఫార్సు చేయను. టెర్మినల్‌లో ఆ రోజు పిక్ లిస్టు ముందే దిగి ఉండాలి, నెట్ వచ్చాక సర్దుకోవాలి. డెమో ఇచ్చే మనిషి ముందే వైఫై రూటర్ తీసేసి చూడండి. నిజం అప్పుడే బయటపడుతుంది.

స్కానర్ ఎవరి చేతిలో ఉండాలి

హమాలీలకు ఇవ్వకండి. వాళ్లకి కూలీ పెట్టెకి ఇంత, బస్తాకి ఇంత అని లెక్క. ప్రతి పెట్టె దగ్గరా ఆగి బటన్ నొక్కితే వాళ్ల సంపాదనే తగ్గుతుంది. "ఇది కొట్టుకుంటూ కూకుంటే లోడు ఎప్పుడవుద్ది బాబూ?" అని వాళ్లు అడిగితే అందులో న్యాయముంది. నెలజీతం మీద ఉన్న చెకర్ చేతిలో పెట్టండి, లేదంటే స్కాన్ చేసే పనికి కూలీలో ఏదైనా కలపండి. స్క్రీన్ తెలుగులో ఉంటే సగం టెన్షన్ తగ్గుతుంది. కనీసం తప్పు వచ్చినప్పుడు పెద్ద శబ్దం, ఎర్ర రంగు ఉండాలి. గోదాములో ఎవరూ స్క్రీన్ చదువుతూ నిలబడరు.

ఎవరికి ఏది

ఒకే ఏజెన్సీ, రెండు వ్యాన్లు, నిండు పెట్టెలే ఎక్కువగా పోయేవారు ఏమీ కొనకుండా లోడ్ షీట్‌నే కొంచెం మార్చుకోవచ్చు. ఐటమ్స్ ర్యాక్ వరుసలో వచ్చేలా, ఎంఆర్‌పీ పక్కనే పెద్ద అక్షరాల్లో ఉండేలా. దీనికి ఖర్చు లేదు, మొదటి కుప్ప గణనీయంగా చిన్నదవుతుంది. మూడు నాలుగు ఏజెన్సీలు, విడి ప్యాకెట్ల పికింగ్ ఎక్కువగా ఉన్నవారు టేబుల్ స్కానర్‌తో మొదలుపెట్టాలి. రెండు స్కానర్లు, ఒక రిబ్బన్ ప్రింటర్, మాస్టర్ ఎక్కించే మనిషి. టెర్మినళ్లకి వెళ్లాల్సింది గడువు తేదీ మీద వచ్చే రిటర్న్‌లతో నష్టపోతున్నవారు, పెద్ద రిటైల్ గొలుసులకి సరుకు వేసేవారు, ఫ్రోజెన్ చేసేవారు. వీళ్లు కూడా ముందు మూడు నెలలు టేబుల్ పద్ధతి నడిపి, మాస్టర్ శుభ్రం చేసుకుని అప్పుడు వెళితే డబ్బు వృథా కాదు.

మూడో దారి ఎంచుకున్నవారు ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు మూడు విషయాలు రాయించుకోండి. సాఫ్ట్‌వేర్ మానేస్తే మీ ఐటమ్ మాస్టర్, బ్యాచ్ చరిత్ర ఎక్సెల్‌లో తీసుకునే హక్కు. టెర్మినల్ పాడైతే విశాఖలోనే రిపేర్ చేస్తారా, హైదరాబాద్ పంపి పదిహేను రోజులు ఆగాలా, ఆగాల్సి వస్తే బదులు మెషిన్ ఇస్తారా అన్నది. ఇక 50 వేల రూపాయలు దాటిన సరుకుకి తీసే ఈ-వే బిల్లులో వాహనం నంబరు లోడింగ్ దగ్గర బండి మారినప్పుడు మార్చే సౌకర్యం. రిటర్న్ సరుకు స్కాన్ చేసి విడి అరలో పెట్టే స్క్రీన్ ఉందో లేదో కూడా అదే రోజు చూడండి. చాలా డెమోల్లో అది ఉండదు. అది లేకపోతే తిరిగొచ్చిన తేదీ దాటిన పెట్టె మంచి స్టాక్‌లో కలిసిపోయి, మర్నాడు అదే బీట్‌కి మళ్లీ ఎక్కుతుంది.